వేల్స్ చరిత్ర మీద తీసిన సినిమాలో నిజమెంతో తేల్చుకోవడం ఎలా

మొన్న రాత్రి పదకొండింటికి మా ఫ్రెండ్ ఒకడు ఫోన్ చేశాడు. అప్పుడే దక్షిణాఫ్రికాలో బ్రిటిష్ సైనికులకీ జులూ జాతివాళ్లకీ జరిగిన యుద్ధం మీద తీసిన 'జులు' సినిమా చూసి లేచాడట, గొంతు ఇంకా వణుకుతోంది. "వేల్స్ వాళ్లు మామూలోళ్లు కాదురా, ఎదురుగా నాలుగు వేల మంది బల్లేలు పట్టుకుని వస్తుంటే నిలబడి పాట పాడారు" అన్నాడు. పాడలేదురా అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "నీతో ఏ సినిమా గురించీ మాట్లాడకూడదు" అని పెట్టేశాడు.

వాడి కోపం న్యాయమే. కళ్లలో నీళ్లు తిరిగిన సీను అబద్ధమని చెప్తే ఎవరికైనా మండుతుంది. అందుకే వేల్స్ చరిత్ర మీద వచ్చిన పెద్ద సినిమాలు హాయిగా చూస్తూనే అందులో ఏది జరిగిందో, ఏది అల్లిందో మీ అంతట మీరే తేల్చుకునే పద్ధతి ఒకటి, నేను చేసేదే, ఇక్కడ రాస్తున్నా. దీనికి చరిత్రలో డిగ్రీ అక్కర్లేదు. ఒక నోట్‌బుక్, ఇంటర్నెట్, రెండు ఖాళీ సాయంత్రాలు ఉంటే చాలు.

మొదలుపెట్టే ముందు ఏం వెతకాలో తెలుసుకోండి. కోటుకి గుండీలు తప్పు, తుపాకీ మోడల్ తప్పు అని పట్టుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, ఆ సరదా వాళ్లకే వదిలేద్దాం. వేల్స్ విషయంలో చూడాల్సింది వేరే. ఇది ఇంగ్లండ్‌ని ఆనుకుని, ముప్పై లక్షల పైచిలుకు జనంతో ఉన్న చిన్న దేశం. 1282లో లెవెలిన్ అనే చివరి స్వతంత్ర రాకుమారుడు చనిపోయాక ఇంగ్లండ్ రాజు ఒకటో ఎడ్వర్డ్ దాన్ని పట్టేసుకున్నాడు, 1536లో చట్టం చేసి మరీ ఇంగ్లండ్‌లో కలిపేశారు. సినిమాకి డబ్బు పెట్టేది లండన్, లేదంటే హాలీవుడ్. దాంతో రెండు రకాల తప్పులు జరుగుతాయి. వేల్స్ లేని చోట తెచ్చి పెడతారు, ఉన్న చోటు నుంచి లేపేస్తారు. మీరు పట్టుకోవాల్సింది ఈ కలిపివేతలూ తీసివేతలూ.

1. మొదటిసారి ఊరికే చూడండి

ఫోన్ పక్కన పెట్టండి, వికీపీడియా తెరవకండి. ఏ సీనులో మీకు ఒళ్లు గగుర్పొడిచిందో అది మాత్రం గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే తర్వాత మొట్టమొదట పరీక్షించాల్సింది దాన్నే. అబద్ధం పెట్టడానికి దర్శకుడికి అంతకంటే మంచి చోటు దొరకదు.

2. సినిమా తన నోటితో ఏం చెప్పుకుందో రాసుకోండి

రెండోసారి నోట్‌బుక్‌తో కూర్చోండి. తెర మీద వచ్చే అక్షరాలు, వెనక నుంచి వినపడే గొంతు, చివర్లో వేసే కార్డులు, ఇవన్నీ సినిమా చేసే వాగ్దానాలు. పాత్రలు మాట్లాడుకునేది కథ అనుకుని వదిలేయొచ్చు కానీ తెర మీద తేదీ వేశారంటే దానికి జవాబు చెప్పుకోవాల్సిందే.

2004లో వచ్చిన 'కింగ్ ఆర్థర్' చూడండి. బ్రిటన్ పురాణగాథల్లోని ఆర్థర్ రాజు కథ వెనక ఒక నిజమైన వీరుడున్నాడని చరిత్రకారులు ఒప్పుకుంటున్నారు అంటూ మొదలవుతుంది. చరిత్రకారులు అలాంటిదేమీ ఒప్పుకోలేదు, ఆర్థర్ అనేవాడు అసలున్నాడా లేడా అన్నదే ఇప్పటికీ తెగని గొడవ. మనకి 'ఆర్ఆర్ఆర్' వచ్చినప్పుడు అల్లూరి, కొమురం భీం అసలు ఎప్పుడూ కలవలేదని అందరికీ తెలుసు, దర్శకుడే ఇది కల్పన అని చెప్పేశాడు కాబట్టి ఏ పేచీ లేదు. ఇక్కడ పేచీ కల్పనతో కాదు, కల్పనకి నిజమని స్టాంపు వేయడంతో.

3. రెండు సంవత్సరాలు పక్కపక్కన రాయండి

కథ జరిగిన ఏడు, సినిమా తీసిన ఏడు. ఇంతే, పని రెండు నిమిషాలు కానీ సగం చిక్కు ఇక్కడే విడిపోతుంది. 'హౌ గ్రీన్ వాజ్ మై వ్యాలీ'లో కథ విక్టోరియా రాణి బతికున్న రోజులది, సినిమా 1941ది. 'జులు'లో యుద్ధం 1879ది, సినిమా 1964ది. బ్రిటిష్ సామ్రాజ్యం ఒక్కో దేశాన్ని వదిలి వెళ్లిపోతున్న రోజుల్లో, ఓ గుప్పెడు మంది బ్రిటిష్ సైనికులు వేల మందిని ఎదిరించిన కథకి టికెట్లు ఎందుకు తెగాయో ఊహించడం కష్టం కాదు.

4. ఆ ఊరు ఎక్కడ ఉందో చూడండి

'హౌ గ్రీన్ వాజ్ మై వ్యాలీ' దక్షిణ వేల్స్ బొగ్గు గనుల కథ, జాన్ ఫోర్డ్ తీశాడు, ఆ ఏడు ఉత్తమ చిత్రం ఆస్కార్ 'సిటిజన్ కేన్'ని కాదని దీనికే ఇచ్చారు. ప్రపంచంలో చాలామందికి వేల్స్ అంటే ఇవాళ్టికీ ఈ సినిమాలో కనపడే ఊరే. ఆ ఊరు కాలిఫోర్నియాలో ఉంది. నిజంగా వేల్స్‌లోనే రంగుల్లో తీయాలనుకున్నారు, రెండో ప్రపంచ యుద్ధం అడ్డొచ్చింది, మాలిబు దగ్గర కొండల్లో సెట్ వేసి నలుపు తెలుపులో తీశారు.

సెట్ వేయడం తప్పు కాదు. ఆ సెట్‌లో ఏం మార్చారన్నది చూడాలి. సినిమాలో ఇళ్ల వీధి పైకి ఎక్కుతూ పోతుంది, కొండ నెత్తిన గని ఉంటుంది, సాయంత్రం మసి ముఖాలతో కార్మికులు పాడుకుంటూ దిగొస్తుంటే కెమెరాకి అది పండగ. అసలు దక్షిణ వేల్స్‌లో బొగ్గు గనులున్న రొంద లోయలో లోతు గనులు ఎక్కువగా లోయ అడుగున, ఏటి పక్కన ఉండేవి, ఇళ్ల వరసలు పక్క కొండవాలు మీద ఉండేవి. (ఇంగ్లీషు స్పెల్లింగ్ చూసి రొండ్డా అంటారు చాలామంది. వెల్ష్‌లో రెండు 'డి'లు కలిస్తే దాదాపు మన 'ద'లాగే పలుకుతారు, మనకి నోరు తిరిగేదే.)

ఇంకా లోతుకి పోతే, సినిమా చెప్పే అసలు కథ ఏమిటి? తరతరాలుగా పచ్చగా ఉన్న లోయ, అక్కడే పుట్టి పెరిగిన కుటుంబాలు, గని వచ్చి పాడుచేసింది, అందరూ చెల్లాచెదురయ్యారు. వినడానికి బాగుంది. జనాభా లెక్క తీయండి. 1851లో రొందలో ఉన్నది సుమారు 2,000 మంది. 1911కి లక్షన్నర దాటారు. వీళ్లంతా ఎక్కడి నుంచి వచ్చారు? వేల్స్‌లోని మిగతా జిల్లాల నుంచి, ఇంగ్లండ్ నుంచి, పని వెతుక్కుంటూ వచ్చినవాళ్లు. అంటే ఆ లోయ మనుషులు వదిలిపోయిన పాత పల్లె కాదు, మనుషులు తోసుకుంటూ వచ్చిపడిన కొత్త పట్టణం. ఈ గుంపులు, ఈ గోల, గదికి ఇంతమంది చొప్పున అద్దెకుండటం, ఇవేవీ సినిమాలో లేవు.

న్యాయంగా చెప్పాలంటే ఒక విషయం మాత్రం పట్టుకున్నారు, ఊరి మీదికి పెరిగిపోతున్న గని వ్యర్థాల గుట్ట. సినిమా వచ్చిన పాతికేళ్లకి, 1966 అక్టోబర్ 21న, అబర్‌వాన్ అనే ఊళ్లో అలాంటి గుట్టే జారి బడి మీద పడింది. 144 మంది చనిపోయారు, అందులో 116 మంది పిల్లలు. ఆ తర్వాత ఈ సినిమా చూసేవాళ్లకి ఆ గుట్ట ఒక సెట్‌గా కనపడటం కష్టం.

5. తలలు లెక్కపెట్టండి

ఇది నాకిష్టమైన మెట్టు, కాస్త ఎక్కువే రాస్తాను, ఓపిక పట్టండి.

'జులు' సినిమా రోర్క్స్ డ్రిఫ్ట్ అనే చోట 1879 జనవరి 22, 23 తేదీల్లో జరిగిన యుద్ధం. దాదాపు 150 మంది బ్రిటిష్ పక్షం, మూడు నాలుగు వేల మంది జులూలు. తెల్లారేదాకా ఆ కోటలాంటి మిషన్ బంగళా నిలబడింది, తర్వాత 11 మందికి విక్టోరియా క్రాస్, అంటే బ్రిటన్‌లో అన్నిటికంటే పెద్ద శౌర్య పతకం, ఇచ్చారు. ఇదంతా నిజం. సినిమాలో ఒక సైనికుడు ఇది వెల్ష్ రెజిమెంట్ అని గొప్పగా చెప్పుకుంటాడు, చివరి దాడికి ముందు 'మెన్ ఆఫ్ హార్లెక్' అనే వెల్ష్ పాట ఎత్తుకుంటారు, మా ఫ్రెండ్ ఏడ్చింది అక్కడే.

ఇప్పుడు లెక్క. అక్కడున్న దళం 24వ రెజిమెంట్. 1879లో దాని పేరులో ఉన్నది వార్విక్‌షైర్, అంటే ఇంగ్లండ్ నడిబొడ్డు. సౌత్ వేల్స్ బోర్డరర్స్ అనే పేరు వచ్చింది 1881లో, యుద్ధం అయిన రెండేళ్లకి. 1873లో వాళ్ల డిపో వేల్స్‌లోని బ్రెకన్‌కి మారింది కాబట్టి చుట్టుపక్కల కుర్రాళ్లు కొందరు చేరిన మాట వాస్తవమే. ఆ రోజు అక్కడున్న 24వ రెజిమెంట్ వాళ్లలో పుట్టిన ఊళ్లు తెలిసినంతవరకు సాధారణంగా చెప్పే లెక్క ఇది: ఇంగ్లండ్ వాళ్లు 49, వేల్స్ వాళ్లు 32, ఐర్లండ్ వాళ్లు 16. పాటంటారా, అప్పట్లో ఆ రెజిమెంట్ కవాతు పాట 'వార్విక్‌షైర్ లాడ్స్'. సినిమాలో వినపడే 'మెన్ ఆఫ్ హార్లెక్' సాహిత్యం సినిమా కోసమే రాసింది.

మరి వేల్స్‌ని ఎందుకు కలిపారు? నిర్మాతల్లో ఒకడు, హీరో కూడా, స్టాన్లీ బేకర్. రొంద లోయలో ఫెర్న్‌డేల్ కుర్రాడు. వెనక నుంచి కథ చెప్పే గొంతు రిచర్డ్ బర్టన్‌ది, ఆయనా వేల్స్ వాడే. సొంత ఊరివాళ్లకి తెర మీద ఒక పెద్ద పండగ చేసుకున్నారు, నాకైతే కోపం రాదు. కానీ పండగ ఖర్చు ఎవరి మీద పడిందో చూడండి. హెన్రీ హుక్ అనే సైనికుడిని సినిమాలో తాగుబోతుగా, పని ఎగ్గొట్టేవాడిగా చూపించారు. అసలు హుక్ మందు ముట్టనివాడు, మంచి పేరున్న సైనికుడు, కాలుతున్న ఆస్పత్రిలోంచి రోగుల్ని బయటికి చేర్చినందుకు విక్టోరియా క్రాస్ తీసుకున్నవాడు. 1964లో సినిమా వేసినప్పుడు ఆయన కూతుళ్లు, అప్పటికి ముసలివాళ్లు, మధ్యలోనే లేచి వెళ్లిపోయారంటారు.

ఇంకో పక్క జులూలు. చివర్లో వాళ్లు కొండ మీద నిలబడి బ్రిటిష్ వాళ్ల ధైర్యానికి వందనం పాడి వెళ్లిపోతారు. జరగలేదు. జరిగింది ఏమిటంటే యుద్ధం అయ్యాక గాయపడి పడివున్న జులూలను చంపేశారు, అది సినిమాలో లేదు. అసలు ఈ గొడవ మొదలైందే ఆ జనవరిలో బ్రిటిష్ సైన్యం జులూ రాజ్యంలోకి చొరబడటంతో, ఆ ముక్కా గట్టిగా చెప్పరు. జులూల రాజు సెచ్వాయో పాత్ర మాత్రం ఆయన వంశంవాడే అయిన మాంగొసుతు బుతెలెజి వేశాడు, తర్వాత దక్షిణాఫ్రికా రాజకీయాల్లో పెద్ద నాయకుడు అయిన ఆయనే.

అందుకే తలలు లెక్కపెట్టమన్నాను. వేల్స్‌ని కలిపితే ఎవరు తగ్గారో, ఎవరి మీద మచ్చ పడిందో, ఎవరి చావు కనపడకుండా పోయిందో లెక్కలోనే తెలుస్తుంది.

6. వాళ్లు ఏ భాషలో మాట్లాడాలో అడగండి

1901 లెక్కల్లో వేల్స్‌లో దాదాపు సగం మంది వెల్ష్ మాట్లాడేవాళ్లు. 'హౌ గ్రీన్' కథాకాలానికి అలాంటి ఇంట్లో అన్నం దగ్గర, చర్చిలో, గనిలో ఎక్కువ వినపడాల్సింది వెల్షే. సినిమాలో పాటలు మాత్రం వెల్ష్‌లో, మాటలన్నీ ఇంగ్లీషులో, అదీ ఐర్లండ్ యాస ఎక్కువ, ఎందుకంటే ముఖ్యమైన నటుల్లో చాలామంది ఐరిష్ వాళ్లు. హీరోయిన్ మోరీన్ ఓహారా డబ్లిన్ ఆవిడ. పెద్ద పాత్రల్లో వేల్స్ నటుడు అని చెప్పుకోడానికి రీస్ విలియమ్స్ ఒక్కడే.

మన దగ్గర తెలంగాణ కథకి కృష్ణా జిల్లా మాట పెడితే ఎలా ఉంటుందో అలాగే అనుకోకండి, ఇది అంతకంటే పెద్దది, భాషే మారిపోవడం. ఈ తేడా చెవికి తెలియాలంటే 1992లో వెల్ష్‌లోనే తీసిన 'హేద్ విన్' చూడండి. ఆ పేరుతో కవిత్వం రాసిన రైతుబిడ్డ ఎల్లిస్ ఎవాన్స్ 1917 జులై 31న బెల్జియంలో యుద్ధంలో చనిపోయాడు, సెప్టెంబర్‌లో ఐస్టెద్‌ఫోద్ అనే వాళ్ల కవితోత్సవంలో బహుమతి కుర్చీ అతనికే వచ్చింది, పేరు పిలిచారు, లేచేవాడు లేడు, కుర్చీ మీద నల్లగుడ్డ కప్పారు. ఆస్కార్ విదేశీ భాషా విభాగానికి నామినేట్ అయిన మొదటి వెల్ష్ సినిమా అది. ఇందులో కథకి అదనంగా ఏమీ అల్లక్కర్లేకపోయింది, జరిగిందే అలా ఉంది.

7. లేనివాళ్ల కోసం వెతకండి

ఇది కష్టం, ఎందుకంటే తెర మీద లేనిదాన్ని చూడాలి. చిట్కా ఏమిటంటే ఆ సంఘటన గురించి ఏదో ఒక మంచి వ్యాసం చదివి, అందులో వచ్చిన మనుషుల జాబితా రాసుకుని, సినిమాలో ఎవరు కనపడలేదో టిక్ పెట్టండి.

'బ్రేవ్‌హార్ట్' స్కాట్లండ్ కథ అనుకుంటాం కదా. 1298లో ఫాల్కిర్క్ యుద్ధానికి ఎడ్వర్డ్ తీసుకెళ్లిన కాల్బలంలో 10,000 మందికి పైగా వేల్స్ వాళ్లే. వాళ్ల దేశం పోయి అప్పటికి పదహారేళ్లు. అలాంటివాళ్లని తీసుకెళ్లి ఇంకో దేశం మీదికి ఉసిగొల్పాడు, యుద్ధానికి ముందు ఇంగ్లీషు వాళ్లతో కొట్లాట కూడా అయింది, యుద్ధంలో మొదట వెనక్కి తగ్గి నిలబడ్డారు. ఎంత కథ ఉంది ఇందులో! సినిమాలో వెల్ష్ విలుకాళ్ల పేరు ఒక డైలాగులో వచ్చిపోతుంది, యుద్ధంలో పక్షం మార్చే గొప్ప సీను మాత్రం ఐరిష్ వాళ్లకి ఇచ్చారు, అదీ జరగనిది.

'కింగ్ ఆర్థర్' ఇంకా విడ్డూరం. ఆర్థర్ పన్నెండు యుద్ధాలు చేశాడని మొదట చెప్పిన పుస్తకం తొమ్మిదో శతాబ్దంలో వేల్స్‌లో రాసింది. ఆర్థర్ కథలో మాంత్రికుడు మెర్లిన్ అంటే వెల్ష్ మిర్దిన్, రాణి గ్వినివియర్ అంటే గ్వెన్‌హ్విఫర్. సినిమావాళ్లు కథని ఉత్తరాన రోమన్లు కట్టిన హేడ్రియన్ గోడ దగ్గరికి పట్టుకుపోయి, అక్కడి జనానికి వోడ్స్ అని కొత్త పేరు పెట్టి, ఎక్కడో దక్షిణ తీరంలో దిగాడని పాత గ్రంథాలు చెప్పే సాక్సన్ నాయకుడు సెర్డిక్‌ని ఆ గోడ మీదికి నడిపించారు. వేల్స్ ఊసే లేదు.

అసలు తీయనే తీయని సినిమా కూడా ఒక తీసివేతే. 1400లో ఒవైన్ గ్లిన్‌దూర్ తిరగబడి తనని వేల్స్ రాకుమారుడిగా ప్రకటించుకున్నాడు, 1404లో పార్లమెంటు పెట్టాడు, చివరికి దొరకలేదు, ఎవరూ పట్టివ్వలేదు, ఎక్కడ చనిపోయాడో కూడా తెలీదు. దీనిమీద 'బ్రేవ్‌హార్ట్' అంత సినిమా ఒక్కటీ లేదు.

8. ఇప్పుడు ఆధారాలు తెరవండి

నేషనల్ లైబ్రరీ ఆఫ్ వేల్స్ వాళ్లది వెల్ష్ న్యూస్‌పేపర్స్ ఆన్‌లైన్ అని ఉంది, 1919 దాకా పాత పేపర్లు, డబ్బు కట్టక్కర్లేదు. సంఘటన పేరు కొట్టి, ఆ ఏడు మాత్రమే ఎంచుకుని చదవండి. మనుషుల గురించైతే డిక్షనరీ ఆఫ్ వెల్ష్ బయోగ్రఫీ, అదీ ఉచితమే. ఒకే ఆధారంతో తీర్పు చెప్పకండి, పేపర్లు కూడా సినిమాల్లాగే ఎవరికో అమ్ముడుపోవాల్సినవే.

నోట్‌బుక్‌లో మూడు గళ్లు గీయండి: జరిగింది, మార్చారు, అల్లారు. ప్రతి వాగ్దానాన్నీ ఒక గడిలో వేయండి. తప్పులు ఎన్ని అని మార్కులు వేయడం మొదలుపెట్టకండి, ఆ పిచ్చి నాకూ ఉండేది. 2014లో వచ్చిన 'ప్రైడ్' ఆ పిచ్చి వదిలించింది. 1984-85 గని సమ్మెలో లండన్ నుంచి గే, లెస్బియన్ కుర్రాళ్లు చందాలు పోగేసి దక్షిణ వేల్స్‌లోని దిలైస్ లోయకి పంపిన కథ. అందులో జో అనే ముఖ్యపాత్ర కల్పితం, నాయకుడు మార్క్ ఆష్టన్ పక్కా కమ్యూనిస్టు అన్న సంగతి మెత్తగా దాటేశారు. గళ్లలో వేస్తే 'అల్లారు' బాగానే నిండుతుంది. కానీ లండన్‌లోని కామ్డెన్‌లో చందా కచేరీ జరిగింది, 1985లో లండన్ ప్రైడ్ ఊరేగింపుకి వేల్స్ గని కార్మికులు తమ బ్యానర్‌తో ముందు నడిచారు, ఆ లోయలో సహాయం పంచిన షాన్ జేమ్స్ 2005లో ఎంపీ కూడా అయింది. ఎవరు ఎవరికి తోడు నిలబడ్డారన్న విషయంలో ఈ సినిమా ఎవరినీ కలపలేదు, తీసేయలేదు. పేర్లూ తేదీలూ 'జులు'లోనూ బోలెడన్ని సరిగ్గానే ఉన్నాయి మరి.

మొదటిసారి చేసేవాళ్లైతే 'జులు'తోనే మొదలుపెట్టండి. చివర్లో బర్టన్ గొంతు 11 మంది పేర్లు చదువుతుంది, వాళ్లలో ఎవరినైనా ఒక్కరిని ఎంచుకుని ఒక్క సాయంత్రం వెతకండి.

మా ఫ్రెండ్ వారం తర్వాత మళ్లీ ఫోన్ చేశాడు. వాడు ఎంచుకున్నది ఆ జాబితాలో లేని మనిషిని, పెద్ద మీసాలతో తండ్రిలా కనపడే కలర్ సార్జెంట్ బోర్న్‌ని. "అసలు వయసు ఇరవై నాలుగేనట్రా, పీలగా ఉండేవాడట, కుర్రాడు అని పిలిచేవాళ్లట. అక్కడ బతికినవాళ్లలో ఆఖరున పోయింది కూడా ఆయనే, ఎప్పుడో తెలుసా, 1945 మే 8, యూరప్‌లో యుద్ధం అయిపోయిన రోజు. దీని మీద తీయొచ్చు కదరా సినిమా?"

తీస్తే మళ్లీ పాట పెడతారు అన్నాను.